మూడు జతల అద్దాలూ, ఒక అంటుకత్తీ

పోయిన నెలలో ఒక ఉదయం మామిడి అంట్లు కట్టే అన్న భార్య మా అంగడికి వచ్చి, గాజు బల్ల మీద మూడు డబ్బాలు వరసగా పెట్టింది. మూడింటి మీదా నా అంగడి పేరే అచ్చయి ఉంది. తెరిచి చూస్తే మూడింట్లోనూ నేను చేసిచ్చిన కళ్ళద్దాలే. ఒక జతకైతే కాడలకు చుట్టిన ప్లాస్టిక్ కాగితం కూడా ఊడలేదు.

"ఆయన పొయ్యి పదైదు దినాలయిందప్పా," అంది. "తెల్లారి లేపితే లెయ్యలేదు, అంతే. సామాన్లు సర్దతా ఉంటే ఇవి బయటపడినాయి. ఎవురికన్నా పనికొస్తాయేమోనని తెచ్చినా."

"ఒక్కసారన్నా పెట్టుకున్నాడా వదినా?"

"నీ అంగడి ముందర పోయేటప్పుడు పెట్టుకునేవాడు. దాటినాక తీసి జోబీలో ఏసుకునేవాడు. లేకుంటే అద్దాలప్ప మనసు కష్టపడతాదంట."

అద్దాలప్ప అంటే నేనే. ఆయన పెట్టిన పేరు. ఆమె వెళ్ళాక ఆ మూడు జతలనూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని చూశాను. ఒక్కో దాంట్లో నా తప్పు ఒక్కో సైజులో కనబడింది.

పూతలపట్టు కూడలిలో, చిత్తూరు బస్సూ తిరుపతి బస్సూ ఎదురెదురుగా ఆగే చోట, నాకు కళ్ళద్దాల అంగడి ఉంది. నేను డాక్టరును కాను. ఒక చిన్న కోర్సు, ఒక పాత మిషను, గోడ మీద అక్షరాల పట్టిక, వీటన్నిటికంటే ఎక్కువగా ధైర్యం, ఇదీ నా అర్హత. మనిషికి కనబడకపోతే దానికి మందు అద్దమేనని ఇరవై ఏళ్ళుగా నమ్ముతూ వచ్చినవాణ్ణి. ఆయన మా కూడలికి కాస్త దూరంలో ఉన్న మామిడి నర్సరీలో అంటు కట్టేవాడు. నేను అంటగట్టేవాణ్ణి. మనిద్దరి వృత్తికీ తేడా ఇంతే అన్నా అని ఒకసారి అంటే, "నాది మంచో చెడో తెలిసేదానికి నాలుగేండ్లు పడతాదప్పా, నీది మూడు దినాలకే తెలిసిపోతాది" అన్నాడు.

గుజ్జు ఫ్యాక్టరీలు పారేసిన మామిడి టెంకలను నాటితే మొలిచే మొక్కలకే ఆయన అంటు కట్టేది. ఊరూ పేరూ లేని మొక్కలు. వాటి తల కోసి, కాండాన్ని నడిమికి చీల్చి, మంచి జాతి చెట్టు నుంచి తెచ్చిన పుల్లను రెండు వైపులా చెక్కి ఆ చీలికలో దూర్చి, ప్లాస్టిక్ నాడా చుట్టి, పైన సన్నటి కవరు తొడుగుతారు. ఇంత చెప్పడానికి నాకు పట్టిన సేపట్లో ఆయన రెండు కట్టేసేవాడు. తల కోసేటప్పుడు ప్రతి మొక్కనూ బుజ్జగించేవాడు. "ఏం కాదులే నాయనా. ఇంగ మీదట నువ్వు బేనీషావి." బేనీషా అంటే మా వైపు బంగినపల్లి మామిడే. కత్తి పదును ఎడమ ముంజేతి వెంట్రుకల మీద చూసుకునేవాడు. వానలు మొదలైతే ఆ చెయ్యి నున్నగా ఉండేది. ఆయన టీ గ్లాసు అందుకునేటప్పుడు ఆ చెయ్యి చూసి, ఓహో అంటు కట్టే కాలం వచ్చింది అనుకునేవాణ్ణి. మిగతా వాళ్ళు మబ్బు చూసి తెలుసుకుంటారనుకుంటాను.

ఐదేళ్ళ కిందట వేసవి చివర ఒక మధ్యాహ్నం పెద్ద వాన పడి కరెంటు పోయింది. నర్సరీ మోటారు గదిలో జనరేటరు వేసి, జల్లు లోపలికి కొడుతోందని తలుపు మూసుకుని ఆయన దాని పక్కనే కూర్చున్నాడు. పొగ ఎటూ పోలేదు. కూలికి వచ్చిన ఆడవాళ్ళు తలుపు తీసేసరికి పడి ఉన్నాడు. తిరుపతిలో ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచారు. బతికాడు. నడిచాడు, మాట్లాడాడు, నర్సుల మీద జోకులు కూడా వేశాడు. ఇంటికి వచ్చాక భార్య కాఫీ గ్లాసు చూపించి తాగుతావా అంటే, "ఏందది?" అన్నాడు. ఆమె ముఖం కూడా ఎవరిదో తెలియలేదు. గొంతు విన్నాక, "ఓ, నువ్వా" అన్నాడు.

అప్పుడు ఆయన్ను ఆమె నా దగ్గరకు తీసుకొచ్చింది. తీసుకు రావాల్సిన చోటు అది కాదని మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. తెలిసి ఉండాల్సినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

గోడ మీది పట్టిక చూపించి మొదటి వరసలో ఏముందని అడిగాను.

"నల్లగా ఉండాది."

"ఏం అక్షరమన్నా?"

"నల్లక్షరం."

"కింది వరసలో?"

"అవీ నల్లక్షరాలే. రవ్వంత సన్నవి."

అంతకు ముందు ప్రతిరోజూ నా అంగడి మెట్టు మీద కూర్చుని పేపరు హెడ్డింగులు పైకి చదివి నన్ను విసిగించిన మనిషి ఆయన. అయినా నాకు అనుమానం రాలేదు. రసీదు మీద సంతకం చెయ్యమని పెన్ను చాపాను. తడుముకోకుండా, సరిగ్గా పట్టుకోవాల్సిన చోట రెండు వేళ్ళతో అందుకున్నాడు. అందుకున్నాక, "ఓ, పెన్నా" అన్నాడు. చేతికి రాకముందు అదేమిటో తెలియని మనిషికి దాన్ని ఎక్కడ పట్టుకోవాలో ఎట్లా తెలిసింది? ఆ ప్రశ్న నా కళ్ళెదుటే నిలబడింది. నేను చూడలేదు. నాకు అద్దాలున్నాయి మరి.

మొదట దగ్గర చూపువి చేసిచ్చాను. తర్వాత రెండు చూపులవి. ఆ తర్వాత ఎండలో రంగు మారేవి. ప్రతిసారీ పెట్టుకుని, అటూ ఇటూ తల తిప్పి, "బలే ఉండాదప్పా" అన్నాడు. ఏం బాగుందో నేను అడగలేదు. మెచ్చుకున్నవాడికి ఎదురు ప్రశ్నలు వేసే అలవాటు నాకు లేదు.

అంగడి వాకిట్లో కళ్ళద్దాలు తగిలించి చూపించే ప్లాస్టిక్ తల ఒకటి ఉంటుంది. ఒకరోజు నేను టీకి పోయి వచ్చేసరికి ఆయన దానితో మాట్లాడుతున్నాడు. మాటలు చాలా దూరం పోయినట్టే ఉన్నాయి.

"అది బొమ్మన్నా," అన్నాను వెనకనుంచి.

ఆయన నా గొంతు వైపు తిరిగాడు. "అద్దాలు మెరస్తా ఉంటే నువ్వే అనుకుంటి." బొమ్మ తల తడిమి, "నడమ నడమ అడ్డం రాకుండా ఇంటా ఉన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది" అన్నాడు.

ఇంట్లో ఆమె అంటుకత్తిని చింతపండు జాడీలో దాచేసింది. ఖాళీగా కూర్చోలేక ఆయన అనపకాయలు ఒలిచేవాడు. చేట ముందు పెడితే "ఇవేంది?" అని అడిగేవాడు. జవాబు వచ్చేలోపు వేళ్ళు పని మొదలుపెట్టేవి, గింజలు ఒకపక్క, తొక్కులు ఒకపక్క. ఎవరైనా ఏదైనా ఎదురుగా పట్టుకుని ఇదేమిటో చెప్పుకో అని పరీక్ష పెడితే ఒకటే మాట అనేవాడు: "అడగబాక, సేతికియ్యి." వీధిలో కుక్క అడ్డంగా పడుకుని ఉంటే, మాటల్లో పడి దాని వైపు తల కూడా దించకుండా దాటి వచ్చేవాడు. ఏం దాటినావన్నా అంటే, "తెల్లంది ఏందో ఉన్నింది. దాటినా" అనేవాడు.

ఆగస్టులో మళ్ళీ తిరుపతికి చూపించడానికి వెళ్ళాం. తోడు నేను వెళ్ళాను. సాక్ష్యంగా మూడు జతలూ సంచిలో పెట్టుకున్నాను. ఈసారి చూసింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ, మెదడు డాక్టరు. అద్దాలు తీసి చూసి, "ఇవి ఎవరిచ్చారు?" అంది.

"ఎవరో," అన్నాను.

"మా ఊరాయనే తల్లీ," అన్నాడు ఆయన. "మంచోడు."

ఆమె నవ్వలేదు. అద్దాలు పక్కన పెట్టి, బల్ల మీదికి ఒక పెట్టె తెచ్చింది. దాని ముందు వైపు ఒక గుండ్రటి అట్ట, అట్టలో ఒక సన్నటి చీలిక. అట్టను తిప్పితే చీలిక నిలువుకూ అడ్డానికీ ఏటవాలుకూ తిరుగుతుంది.

"తాతా, ఈ సందు నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా?"

"తాత అనబాక తల్లీ, నాకింకా మనవడు పుట్టలేదు. సందు యాడ?"

"ఇదిగో, నల్లగా ఉంది చూడండి."

"నల్లగా ఉండాది. నిలువో అడ్డమో తెల్దు."

చేతికి ఒక కార్డు ఇచ్చింది. "సందు ఎట్లా ఉందో ఆ కార్డును అట్లా తిప్పి పట్టుకోండి."

తిప్పాడు. తప్పు. మళ్ళీ తిప్పాడు. అదీ తప్పే.

"సరే పోనివ్వండి. ఉత్తరం డబ్బాలో వేసినట్టు లోపల వేసేయండి."

వేసేశాడు. చెయ్యి సగం దూరం పోయేసరికి మణికట్టు దానంతటదే తిరిగింది, కార్డు అంచు తగలకుండా లోపలికి జారింది. ఆమె అట్ట తిప్పింది. మళ్ళీ వేశాడు. ఇంకోవైపు తిప్పింది. మళ్ళీ పోయింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయినవాడు ఆయనే.

"యెట్ల పోతా ఉండాది తల్లీ?"

"కంటిలోంచి పోయిన చూపు మెదడు వెనక భాగానికి చేరి, అక్కడ రెండు దారులుగా చీలుతుంది," అంది ఆమె. "కింది దారి ఇదేమిటో చెబుతుంది. పై దారి దాన్ని చేత్తో ఎట్లా అందుకోవాలో చెబుతుంది. పొగకు మీ కింది దారి దెబ్బతింది. పై దారి బాగుంది. మీ చెయ్యి చూస్తూనే ఉంది. మీకు చెప్పడం లేదు, అంతే."

ఆయన తలూపాడు. "అంటే అలిపిరి మెట్లు మూసేసినారు, శ్రీవారి మెట్టు తెరిచి పెట్టినారు."

"అట్లాంటిదే."

"అయితే కొండకు పోవచ్చు గదా."

ఈసారి ఆమె నవ్వింది. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పింది. చీలికకు ఒక అట్ట అడ్డం పెట్టి, కాసేపు ఆగి, ఇప్పుడు వెయ్యండి అంది. కార్డు పెట్టెకు కొట్టుకుని కిందపడింది. "ఈ దారికి జ్ఞాపకం తక్కువ. చూస్తూ ఉన్నప్పుడే చేసేయాలి. ఆగి ఆలోచిస్తే పోతుంది."

ఆయన కిందపడ్డ కార్డు తీసుకుని, అంటు పుల్లను పట్టుకున్నట్టు మూడు వేళ్ళతో పట్టుకున్నాడు. "అద్దాలప్పా," అన్నాడు నెమ్మదిగా. "సీలికలో పుల్ల దూర్చేదీ ఇదే గదప్పా."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. చంద్రగిరి దాటాక, బయటికి చూస్తూనే అన్నాడు: "మొగాలు పోయినాయి, అచ్చరాలు పోయినాయి. పోనీలే అనుకున్నా. ఈ వానలకు గూడా అంటు కట్టకుండా కూసుంటే, ఇంగ నేనెవురని అడిగితే మా ఇంటామె గూడా సెప్పలేదప్పా."

మర్నాడు ఆయన్నూ ఆమెనూ వెంటబెట్టుకుని నర్సరీకి వెళ్ళాను. నర్సరీ ఓనరమ్మ నలభై దాటిన మనిషి. మాట కచ్చితం. ఆసుపత్రిలో జరిగిందంతా చేతులు తిప్పి చూపిస్తూ నేను చెప్పాను. ఆమె విని, బల్ల మీద నుంచి ఒక పుల్ల తీసి ఆయన ఎదురుగా పట్టుకుంది.

"ఇది ఏ జాతి పెద్దాయనా?"

"సన్నగా ఉండాది. పచ్చగా."

"సూసినావా. నీ మీద నాకేం కోపం లేదు. నీలం జాతి పుల్ల తీసుకోని బేనీషా అని కట్టినావనుకో. రైతు నాలుగేండ్లు నీళ్ళు పోసి పెంచి, కాయ కాసినాక వచ్చి నన్ను నిలబెట్టి అడుగుతాడు. ఆయప్పకు నేనేం సెప్పేది?"

"కోసి వాసన సూస్తే సెప్తా గదమ్మా."

"దినమంతా పుల్లలు వాసన సూస్తా కూసుంటావా?"

ఆమె అన్నది న్యాయమే. అప్పుడు మొక్కలకు నీళ్ళు పోస్తున్న ఒకామె పక్కనుంచి పోతూ పలకరిస్తే, ఆయన "బాగుండావా ఎర్రచీరమ్మా" అన్నాడు. చీర ఎర్రదే. మూడు నెలలుగా ఆయన ఆడవాళ్ళందరినీ చీర రంగుతోనే పిలుస్తున్నాడు. నేను దాన్ని సరసం అనుకుంటూ వచ్చాను.

"అమ్మా, ఈయనకు రంగులు తెలుస్తాయి," అన్నాను.

కళ్ళద్దాలు మెడలో వేలాడేసుకునే తాళ్ళు నా అంగడిలో కట్టలు కట్టలు ఉన్నాయి. సాయంత్రానికి తెచ్చాను. బేనీషా పుల్లల కట్టకు ఎర్ర తాడు, కాలేపాడుకు పసుపు తాడు. నీలం జాతికి నీలం తాడు పెట్టి నా తెలివికి నేనే మురిసిపోయాను. కట్టలు కట్టడం ఓనరమ్మే తన చేతులతో చేస్తానంది. నా అంగడి మొత్తంలో ఆయనకు పనికొచ్చిన వస్తువు ఆ తాడు ఒక్కటే.

"ఒక వరస కట్టు," అంది ఆమె. "ఇరవై మొక్కలు. చిగురేస్తే సూద్దాం. ఎయ్యకపోతే, పెద్దాయనా, ఇంగ నన్ను అడగబాక."

మర్నాడు పొద్దున భార్య కత్తికి అంటిన చింతపండు కడిగి ఆయన చేతికిచ్చింది. "ఏలు తెగితే నా కాడికి రావొద్దు," అని పక్కనే పీట వేసుకుని కూర్చుంది, తెగితే కట్టు కట్టేదీ తానే అన్నట్టు.

మొదటి మొక్క తల కోశాడు. నడిమికి చీల్చాడు. పుల్ల చెక్కాడు. అంతవరకు నీళ్ళ మీద చెయ్యి ఆడినట్టు ఆడింది. దూర్చబోతూ, సరిగా ఉందా అని ఒక్క క్షణం ఆగి చూశాడు. ఆగడంతోనే చెయ్యి గాలిలో నిలిచిపోయింది. ముఖంలోంచి ఏదో జారిపోయింది. "పోయె," అన్నాడు. ఆయన చెయ్యి విదిలించి, తల పక్కకు తిప్పుకుని, భార్యతో అన్నాడు: "గమ్మున కూసోబాక. ఏదన్నా మాట్లాడు."

"ఏం మాట్లాడేది?"

"మీ వదిన సంగతి సెప్పు."

అది ఆమెకు ఇష్టమైన సంగతి. మొదలుపెట్టింది. పెళ్ళిలో వదిన ఏమన్నదీ, తర్వాత సీమంతంలో ఏమన్నదీ, దానికి తానేమన్నదీ. ఆయన ఊ కొడుతూ, మధ్యలో "అట్లన్నిందా?" అంటూ, మళ్ళీ మొక్క వైపు తిరిగాడు. పుల్ల చీలికలో కూర్చుంది. నాడా చుట్టుకుంది. కవరు తొడుక్కుంది. రెండోది. మూడోది. మాట ఒక దారిన, చెయ్యి ఒక దారిన పోతున్నాయి, ఒకదానికొకటి తగలకుండా. ఇరవై మొక్కలకు ఆమె వదిన సరిగ్గా సరిపోయింది.

చివర్లో, ఎందుకు బుద్ధి పుట్టిందో, నన్నొకటి కట్టమన్నాడు. నేను అద్దాలు సరిచేసుకుని, ఊపిరి బిగబట్టి, మొక్కను అన్ని వైపుల నుంచీ పరిశీలించి చీల్చాను. కాండం పక్కకు ఊడిపోయింది.

"నువ్వు సూస్తా ఉండావప్పా," అన్నాడు ఆయన, పక్కకు పడిన ముక్క చప్పుడు విని. "సేతిని సూడనీ."

ఇరవై ఒకటో మొక్క గురించి నన్నెవరూ మళ్ళీ అడగలేదు. అది వాళ్ళ మర్యాద.

చిగురు రావడానికి మూడు వారాలు. రోజూ పొద్దున అంగడికి వచ్చి, నా అద్దాలు మెరిసే వైపు తిరిగి, "ఎన్ని దినాలాయె?" అనేవాడు. నేను చెప్పేవాణ్ణి. అంతే, వెళ్ళిపోయేవాడు. ఒక శుక్రవారం ఆయన భార్య తిరుచానూరు పోయి వచ్చి నాకూ ప్రసాదం పెట్టింది. దేనికని నేను అడగలేదు.

ఇరవై రెండో రోజు అందరం వెళ్ళాం. పచ్చ వల కింద వరస పొడవునా తెల్ల కవర్లు. లోపల చెమ్మ పట్టి మసకగా ఉన్నాయి. ఓనరమ్మ మొదటి మొక్క దగ్గర వంగి, కవరు పక్కనుంచి చూసింది. రెండోది చూసింది. నేను అద్దాలు తుడుచుకుని ఆమె వెనక వంగాను. పుల్ల పుల్లగానే ఉంది. మూడోదీ అంతే. ఆమె నాలుగోదాని వైపు జరిగింది. నాకు భయం వేసింది. ఆయనకు ఎట్లా చెప్పాలా అని మనసులో మాటలు కూర్చుకోవడం మొదలుపెట్టాను.

ఆయన వరస మొదట్లోనే భార్య పక్కన నిలబడి ఉన్నాడు.

"ఆడ ఎర్రగా ఉండాది," అన్నాడు.

ఓనరమ్మ తలెత్తింది. "యాడ?"

"నీకు ముందర, ఆరోదాంట్లో. దాని పక్కన గూడా. ఆ కొసన మూడు." చెయ్యి చాపి ఒక్కొక్కదాన్నీ చూపించాడు, తడబడకుండా.

ఆమె ఆరోదాని కవరు మెల్లగా పైకి లాగింది. పుల్ల కొసన వడ్లగింజంత మొలక, రాగి రంగులో. మేమిద్దరం వంగి వంగి ఆకు కోసం వెతుకుతున్నాం. ఆకు ఇంకా విప్పుకోనే లేదు. ఆయన ఆకును వెతకలేదు. ఆకు ఎట్లా ఉంటుందో చూసి చెప్పే దారి ఆయనకు ఇప్పుడు లేదు. అందుకని అక్కడ ఉన్నదాన్ని, ఉన్నట్టు చూశాడు.

"ఏందమ్మా అది?" అని అడిగాడు.

"చిగురే పెద్దాయనా."

ఆమె మళ్ళీ మొదటినుంచి వచ్చింది. ఈసారి ఆకును కాక రంగును వెతికింది. మొదటి మొక్క పుల్ల కణుపు దగ్గర సూదిమొనంత ఎరుపు ఉంది. మూడోదాంట్లోనూ ఉంది. వరస కొసకు పోయేసరికి ఒకటి మాత్రమే ఎండిపోయినట్టు తేలింది. దాన్ని పీకి పక్కన పడేసి, చేతులు దులుపుకుని నిలబడింది.

"ఆ ఎనక షెడ్డులో పన్నెండు వరసలుండాయి," అంది. "వానలు పోకముందే కట్టెయ్యాల."

ఆయన అప్పటికే నడుస్తున్నాడు. మొక్కల వరసల మధ్య జానెడు సందులో, ఒక్క సంచికీ కాలు తగలకుండా. భార్య వెంట పోబోతే వెనక్కి తిరక్కుండానే అన్నాడు:

"నువ్వింటికి పోమ్మే. నాకు పనుండాది. మాట్లాడేదానికి ఆడ జనముండారులే."

"పోతాలే," అంది ఆమె. "పన్నెండింటికి అన్నం తెస్తా."

ఆ అన్నం క్యారియరు ఆ తర్వాత నాలుగు వానాకాలాలు మా అంగడి ముందు నుంచే పోయింది.